సగటున రెండుసార్లు

ఆ శుక్రవారం పొద్దున దశాంశం గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్ళాలి, గేటు దగ్గరి పాఠకుల పెట్టెలో ఒక ఉత్తరం పడెయ్యాలి, ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో కూర్చోవాలి.

ఏ రోగం ఎంతమందికి వచ్చింది, ఏ పథకం ఎవరికి అందింది అన్నది జనానికి అర్థమయ్యేలా రాయడం ఆ ఆఫీసు పని. పదిహేనేళ్ళుగా ఆయన అదే రాస్తున్నారు. పాయింటు తర్వాత రెండంకెలు లేనిదే ఏ సంఖ్యనూ వదలరు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయన నివేదికల్ని చివరిదాకా చదివేవాళ్ళు ఇద్దరే: ఒకరు ఆయన, ఇంకొకరు జీతం తీసుకుని అచ్చుతప్పులు దిద్దే మనిషి.

ఆరు నెలల కిందట కొత్తాయన వచ్చాడు. అతను రాస్తే జనం చదువుతారు. అది చాలదన్నట్టు దశాంశం గారి భార్య కూడా చదువుతుంది, అదీ ఆయనకు వినబడేలా.

"ఎంత తేలిగ్గా చెప్పాడండీ! మీరూ ఇలా రాయొచ్చుగా?"

"నేను రాసినవీ చదవొచ్చుగా?"

"చదివానండీ. రెండో పేజీకల్లా హాయిగా నిద్ర పట్టేసింది."

వారం వారం వచ్చే 'ప్రజల పేజీ'ని ఎవరికి శాశ్వతంగా అప్పగించాలో డైరెక్టరమ్మ ఈ శుక్రవారమే తేలుస్తానన్నారు. ఆ పేజీ కోసం పదిహేనేళ్ళుగా కాచుకుని ఉంటే, నిన్నగాక మొన్న వచ్చినవాడు ఎగరేసుకుపోయేలా ఉన్నాడు.

అందుకే ఒక గృహిణి రాసినట్టు రాశారు. 'ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు కోసం సగటున నలభై నిమిషాలే ఆగాలని మీ కొత్త రచయిత రాశారు. పొద్దున వెళ్ళినవాళ్ళం రెండు గంటలు నిలబడుతున్నాం. మధ్యాహ్నం డాక్టర్లు ఖాళీగా కూర్చుంటున్నారు. సగటంటే అంతేనండీ. మా ఇంట్లోనూ గిన్నెలు మనిషికి రోజుకు సగటున రెండుసార్లు తోముతాం. నాలుగుసార్లు నేను, సున్నాసార్లు మా ఆయన.'

ఫోను నంబరు లేని ఉత్తరం ఆ ఆఫీసులో నేరుగా చెత్తబుట్టకే పోతుంది. అందుకని కింద భార్య నంబరు వేశారు. తెలియని నంబరైతే ఆవిడ ఛస్తే ఎత్తదని ఆయన ధీమా.

పదకొండింటికి డైరెక్టరమ్మ ఆ ఉత్తరాన్ని అందరి ముందూ చదివారు. దశాంశం గారు జాలిపడుతున్నట్టు మొహం పెట్టి కొత్తాయన వైపు చూశారు. కొత్తాయన చప్పట్లు కొడుతున్నాడు.

"తప్పు నాదే మేడం. కానీ ఎంత బాగా చెప్పారండీ ఆవిడ!"

"ఇంత తేటగా ఈ ఆఫీసులో ఇంతవరకూ ఎవరూ రాయలేదు," అన్నారు డైరెక్టరమ్మ. "మధ్యాహ్నం డాక్టర్లని పొద్దుటికి మార్చమని ఇవాళే పైవాళ్ళకి రాస్తాను. ప్రజల పేజీ ఈవిడకే ఇద్దాం. నంబరు కలపండి."

దశాంశం గారు రాసిన వాక్యాన్ని ఒకరు మెచ్చుకోవడం జీవితంలో ఇదే మొదటిసారి. నాదే అని అరవాలనిపించింది. అరిస్తే దొంగ ఉత్తరమూ, గిన్నెల దగ్గరి సున్నా కూడా మెడకు చుట్టుకుంటాయి. లేని ఆ గృహిణి మీద ఆయనకు పట్టరాని అసూయ పుట్టింది.

ఫోను కలిసింది. ఆఫీసు నంబరు ఆవిడకు బాగా తెలిసిందే. ఆ సంగతి ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఏవండీ, మళ్ళీ కళ్ళజోడు మర్చిపోయారా?" అన్న గొంతు స్పీకర్లో గదంతా వినిపించింది.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"దశాంశం గారి భార్యనండీ."

డైరెక్టరమ్మ ఒకసారి ఆయన వైపు చూసి, మొత్తం ఉత్తరం ఫోనులో చదివి వినిపించారు. "ఇది రాసింది మీరేనా?"

ఆ సున్నా సంగతి అంత కచ్చితంగా ఎరిగినవాళ్ళు ప్రపంచంలో ఇద్దరే ఇద్దరు.

"నేనేనండీ," అంది ఆవిడ. "ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు."

"ఇంట్లో ఇంత మంచి రచయిత్రి ఉంటే ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేమండీ?" డైరెక్టరమ్మ నవ్వారు. "అసూయా?"

"అవునండీ," అన్నారు దశాంశం గారు. ఆ రోజు ఆయన ఆడిన ఒకే ఒక్క నిజం అది.

ఆవిడ మొదటి వ్యాసం నిజంగానే బావుంది, కొత్తాయన రాసినవాటికన్నా బావుంది. కొత్తాయన మీద అసూయపడే తీరిక దశాంశం గారికి ఇప్పుడు లేదు. ప్రతి గురువారం సాయంత్రం ఆవిడ కాగితాలు ముందేసుకుని, "రేపటికి వ్యాసం ఇవ్వాలండీ, ఆ గిన్నెల సంగతి కాస్త చూడండి," అంటుంది. మిగతా రోజుల్లో వచ్చే వారం వ్యాసం గురించి ఆలోచిస్తూ ఉంటుంది.

ఆ ఇంట్లో సగటు మాత్రం ఇప్పటికీ రెండే.