కారుకు పెట్టిన వంకలు

...అయినా నేను "కొందాం" అన్నది కొందామని కాదు. ఆ సంగతి మా ఆవిడకు తెలిసి ఉండాల్సింది. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఔనన్న ప్రతిదాన్నీ ఆవిడ కాదంది. కిటికీ పరదాల రంగు దగ్గర్నుంచి నా పుట్టినరోజుకి నేను కొనుక్కోవాలనుకున్న టోపీ దాకా. అంత నమ్మకమైన మనిషి ఉన్నట్టుండి మాట తప్పుతుందని నేనెలా ఊహిస్తాను?

జరిగింది చెబుతాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

భోజనాల దగ్గర మా అమ్మాయి కంచంలోకి చూస్తూ, "నాకో పాత కారు కావాలి," అంది. కాలేజీలో మూడో సంవత్సరం. ల్యాబు వదిలేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. రోజూ ఎవరో ఒకర్ని దింపమని అడగాలంటే మొహమాటం. డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. అన్నీ నిజాలే. అదే వచ్చిన చిక్కు.

నేను లోలోపల ఎత్తు వేసుకున్నాను. నేను వద్దంటే పిసినారి తండ్రిని. మా ఆవిడ వద్దంటే ఆవిడ గయ్యాళి తల్లి. ఎలాగూ ఆవిడ వద్దనబోతోంది గనక, నేను ఉదారుణ్ణి కావడానికి ఇంతకన్నా చవకైన అవకాశం దొరకదు.

"తప్పకుండా కొందాం," అన్నాను, గొంతు కాస్త పెంచి. "ఈ రోజుల్లో కాలేజీ పిల్లకి కారు లేకపోతే ఎలా?"

మా ఆవిడ మంచినీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"సరే," అంది.

"ఏమిటి సరే?"

"కొందాం."

"కాస్త ఆలోచించవూ?"

"మీరు ఆలోచించే అన్నారు గదా?"

"నేనెప్పుడు ఆలోచించి మాట్లాడాను?"

"అదీ నిజమే. అయినా సరే."

అమ్మాయి లేచి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఆ సంతోషంలో నాకు పొలమారింది. వీపు మీద చరిచింది మాత్రం మా ఆవిడే. ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఎక్కడ నొప్పి అంటే అక్కడే నొక్కడం ఆవిడ వృత్తి.

కారు మీద నాకు పగ లేదు. మాకొకటి ఉంది కూడా. వయసులో మా అమ్మాయికి అక్క. రోజూ పొద్దున్నే అందులో అమ్మాయిని కాలేజీ దగ్గర దింపి, వెనక్కి వచ్చి, నా కళ్ళద్దాల షాపు తెరుస్తాను. రోజంతా జానెడు దూరంలోంచి మనుషుల కళ్ళలోకి చూడటమే నా పని. అంత దగ్గరగా చూసినా "ఈ అద్దం బాగుంది, కాదు కాదు, ఇందాకటిదే బాగుంది," తప్ప ఎవరూ నాతో ఏమీ చెప్పరు. ఎదురుగా ఉన్న ముఖం మనిషిని భయపెడుతుందనుకుంటాను. కారులో అలా కాదు. ఇద్దరం ముందుకి చూస్తాం. ముఖాలుండవు, రోడ్డు ఉంటుంది.

ఇంట్లో మా అమ్మాయి మూసిన తలుపు. కారులో, రెండో సిగ్నలు దాటేసరికి, తలుపు తెరుచుకుంటుంది. ఏ మేడమ్‌కి తనంటే పడదో, ఏ స్నేహితురాలు మాట్లాడటం మానేసిందో, తను ఈ చదువుకి అసలు పనికొస్తుందో లేదో. నేను ఊఁ కొడతాను. ఆ మాటలు షాపుకి తెచ్చుకుని రోజంతా నెమరేసుకుంటాను. అమ్మాయికి కారొస్తే నా పొద్దుటి పూటకి ఎవరూ రారు. ఇది పైకి అనే మాటా? కన్నకూతురు ఎవర్నీ అడగకుండా ఇంటికి చేరే దారిని, కబుర్ల కోసం మూసేసే తండ్రి ఉంటాడా?

ఉంటాడు. మర్నాటికల్లా నాకు ఉపాయం తట్టింది. కారు వద్దని అనను. ప్రతి కారుకీ ఒక వంక పెడతాను.

మొదటిది మా వీధి చివరి పళ్ళ డాక్టరుది. చిన్నది, ఎర్రది, మెరిసిపోతోంది. నాకు కార్ల గురించి తెలిసింది సున్నా. కళ్ళ గురించి తెలుసు.

"ఎరుపు," అన్నాను తల అడ్డంగా తిప్పుతూ. "కంటికి శ్రమ."

"కారు లోపల కూర్చునేవాళ్ళకి రంగు కనబడదు గదండీ?" అన్నాడు డాక్టరు.

"ఎదుటివాళ్ళ కళ్ళ సంగతి మనం ఆలోచించొద్దూ?"

డాక్టరు నోరు తెరిచి మళ్ళీ మూశాడు. ఆయన వృత్తిలో అది అరుదు. మా ఆవిడ తల ఊపింది. నా లోకహితం చూసి మురిసిందనుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం పాత కార్లమ్మే యార్డుకి వెళ్ళాం. యజమానికి మేం పెట్టుకున్న పేరు గ్యారంటీ. నమస్కారానికి కూడా గ్యారంటీ ఇచ్చే మనిషి. అమ్మాయి ఒక ఆకుపచ్చ కారు ఎక్కి ఇంజను వేసింది.

"నిట్టూరుస్తోంది," అన్నాను.

"అది ఏసీ సార్," అన్నాడు గ్యారంటీ.

"ఏదైనా కానీ. పొద్దున్నే నిట్టూర్పు వినలేం."

"మీరు నిద్ర లేచినప్పుడు మేం వినటం లేదూ?" అంది మా ఆవిడ.

దాని పక్కన బూడిదరంగు కారొకటి ఉంది. పొడుగు డిక్కీ, పెద్దమనిషి వాలకం. మా అమ్మాయి దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఫర్వాలేదేమో," అంది, ఏదో మాటవరసకి అన్నట్టు. నేను దూసుకెళ్ళాను.

"ఈ దీపాలు చూశారా? అద్దాలు పొగచూరిపోయాయి. శుక్లాలొచ్చిన కళ్ళివి!"

గ్యారంటీ వంగి చూశాడు. "రుద్దిస్తే కొత్తవాటిలా అవుతాయి సార్."

"అయ్యాక చూద్దాం," అని విజయగర్వంతో ఇంటికొచ్చాను.

వారం తిరిగేసరికి దీపాలు తళతళలాడుతున్నాయి. నేను వైపర్ ఆడించమన్నాను. అది అద్దం తుడవడం మానేసి నీళ్ళని అటూ ఇటూ పంచిపెట్టింది. "ఇందులోంచి చూస్తే మంచి కళ్ళకి కూడా మసకే," అన్నాను. మరుసటి వారానికి కొత్త వైపర్లు. వెనక అద్దంలో వంకర ఉందన్నాను. మార్చాడు. టైర్లకి బట్టతల వచ్చిందన్నాను.

"మీ తలలాగానా?" అంది మా ఆవిడ.

"తలకి బ్రేకు వెయ్యక్కర్లేదు."

"వేస్తే ఈ ఆదివారాలు మిగిలేవి."

టైర్లూ మార్చాడు. నాకు కాస్త గర్వంగానే ఉండేది. వస్తువు తెలియకపోయినా లోపం పట్టగలగడం ఒక విద్య. యార్డుకి వచ్చిన వేరేవాళ్ళు నన్ను పక్కకి పిలిచి, "సార్, మాదీ ఒకసారి చూస్తారా?" అనడం మొదలుపెట్టారు. నన్ను చూస్తే గ్యారంటీ ముఖంలో రక్తం ఉండేది కాదు. కానీ రాత్రి పడుకున్నాక వేళ్ళ మీద లెక్క వేసుకునేవాణ్ణి. కారు వారం వారం బాగుపడుతోంది. నా వంకలు వారం వారం తరిగిపోతున్నాయి.

చివరికి డిక్కీ మిగిలింది.

"వానకి ఇందులోకి నీళ్ళొస్తాయి," అన్నాను.

"రావు సార్! గ్యారంటీ!"

"నీళ్ళు దూరే చోట వెలుతురూ దూరుతుంది. చీకట్లో పరీక్ష చెయ్యందే నేను దేన్నీ నమ్మను. మూత వెయ్యండి," అని డిక్కీలోకి ఎక్కి మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకున్నాను.

గ్యారంటీ మా ఆవిడ వైపు చూశాడు. "వెయ్యండి, ఫర్వాలేదు," అంది ఆవిడ. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

మూత పడింది. వెతికాను. ఒక్క సన్నని గీత లేదు, సూదిమొనంత చుక్క లేదు. నా జీవితంలో అంత నిర్దోషమైన చీకటి చూడలేదు. ఓటమిని ఒప్పుకుని మూత తట్టాను. బయట ఏదో టకటకలాడింది. మూత రాలేదు.

"గడియ పట్టేసింది సార్! ఎప్పుడూ ఇలా చెయ్యలేదు, గ్యారంటీ! ఆఫీసులో తాళం ఉంది, తెస్తా!" అడుగులు దూరంగా పరుగెత్తాయి.

వెనక సీటు కిర్రుమంది. తల్లీ కూతుళ్ళు ఎక్కి కూర్చున్నారు. సీటుకీ నాకూ మధ్య ఉన్నది అట్టముక్కంత గోడ.

"అమ్మా, నాన్నకి ఊపిరాడుతుందా?"

"ఆడుతోంది. గొణుగుడు వినబడటం లేదూ?"

"ఇంక పెట్టడానికి వంకలేం మిగల్లేదు కదా?"

"హారన్ ఒక్కటే. అది బాగానే ఉంది, నేను చూశాను."

"ఇది నచ్చిందని నాన్నకి ముందే చెప్పేసి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేది."

"ఆ గుడ్డి దీపాలతో, ఆ అరిగిన టైర్లతో ఉండేది. మనం అడిగితే ఈ యార్డు మనిషి గ్యారంటీ అని నవ్వేసేవాడే. ఇన్ని ఆదివారాలు మనిషిని ఇంతలా విసిగించడం మన వల్ల అవుతుందా? అది పుట్టుకతో రావాలి."

చీకట్లో నా చెవులు వేడెక్కాయి. నేను కారుకి వంకలు పెడుతున్నాననుకున్నాను. వీళ్ళు నన్ను వారం వారం తీసుకొచ్చి కారు బాగుచేయించుకున్నారు. కోపం రావాలి. వెతుక్కున్నాను. ముడుచుకుని పడుకున్న మనిషికి కోపం పట్టేంత చోటు ఉండదు.

"పాపం. నాన్న బాధ కారు గురించి కాదమ్మా," అంది అమ్మాయి, గొంతు తగ్గించి.

"నాకు తెలీదూ? నొప్పి ఒకచోట పెట్టుకుని ఇంకోచోట చూపించే పేషెంట్లతోనే గదా నా బతుకు."

"అందుకే మన పాత కారు నువ్వు తీసుకో. క్లినిక్‌కి బస్సులో పడి ఎన్నాళ్ళు వెళతావు? అప్పుడు నాన్నకి కారుండదు. షాపు నా దారిలోనే. పొద్దున్నే నేను దింపక తప్పదు."

"షాపు దాకా అంటే సగం దారే గదే?"

"చుట్టూ తిప్పి తీసుకెళతాలే. పెద్ద రోడ్డంటే భయమని చెబుతా."

తాళం తిరిగింది. వెలుతురు మీద పడేసరికి కళ్ళు చిట్లించాను. మూడు ముఖాలు వంగి చూస్తున్నాయి.

"ఏమండీ, ఎక్కడైనా సందు కనబడిందా?" అంది మా ఆవిడ.

"లేదు," అన్నాను, గ్యారంటీ చెయ్యి పట్టుకుని దిగుతూ. "మంచి కారు."

"హారన్ కూడా చూస్తారా మరి?"

"అక్కర్లేదు. బాగానే ఉందన్నావుగా."

అన్నాక నాలుక్కరుచుకున్నాను. అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. మా ఆవిడ మాత్రం నా చొక్కాకంటిన దుమ్ము దులిపి, గ్యారంటీ వైపు తిరిగి, "ఆ గడియ కూడా మార్చేసి ఇవ్వండి," అంది. అది ఈ కారుకి ఆఖరి వంక. పెట్టింది నేను కాదు.

డిక్కీ గోడ పల్చనిదని ఆవిడకి ముందే తెలుసా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. అడగలేదు. అడిగితే చెబుతుంది, అదీ భయం.

సోమవారం పొద్దున మా ఆవిడ పాత కారు తీసుకుని, వీధి మలుపులో చెయ్యి ఊపి వెళ్ళిపోయింది. బస్సు ఎక్కాల్సిన అవసరం లేని మనిషి చెయ్యి అంత హాయిగా ఊగుతుందని నాకు తెలియదు. నేను బూడిదరంగు కారులో, డ్రైవరు పక్క సీట్లో, భోజనం డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మా అమ్మాయి స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, మెడ ముందుకు చాచి నడుపుతోంది. ఒక్క మాట లేదు. ఇంతేనేమో అనుకున్నాను. నడిపేవాళ్ళకి మాటలుండవు, అవి పక్కనున్నవాళ్ళ సొత్తు. ఎదర ఒక లారీ ఆగింది. నా కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

"నాన్నా, అక్కడ బ్రేకు లేదు."

"తెలుసు."

"మరి తొక్కుతున్నావేం?"

"ఊరికే. ఉందేమోనని."

నవ్వింది. నవ్వేసరికి మెడ సీటుకి ఆనింది, భుజాలు దిగాయి. పెద్ద రోడ్డు రాగానే, "అటు రద్దీ, నాకింకా భయం," అని చుట్టుదారి పట్టింది. నేనేమీ ఎరగనట్టు కిటికీలోంచి చూశాను. దుకాణాలు ఒక్కొక్కటే తలుపులెత్తుతున్నాయి. ఎవరో మెట్ల మీద నీళ్ళు చల్లుతున్నారు.

"శనివారం ల్యాబులో ఏమైందో తెలుసా?" అంది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నా ప్రయోగం మళ్ళీ మొదటికొచ్చింది. కానీ ఈసారి ఎందుకు పోయిందో నాకే అర్థమైంది. మేడమ్ అడిగితే నేనే చెప్పాను..."

ముందు వెళ్తున్న బస్సుకి ఎర్ర దీపాలు వెలిగాయి. నా పాదం మళ్ళీ నేలని నొక్కిపట్టి ఉంది. అమ్మాయి చెబుతూనే ఉంది, కారు మెల్లగా నిదానిస్తోంది.

నేను కుడికాలు పైకెత్తి, వెనక్కి లాక్కుని, సీటు కిందికి ముడుచుకున్నాను.