తొమ్మిది చుట్లు

ఆ ఆదివారానికి ఎలీషా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే మొదటి ఆరాధనకు వెళ్లి రావడం, ఇడ్లీ తినడం, రేడియోల్లో వాడే, గాజంత ఉన్న ఒక నల్లటి ఫెర్రైటు రింగుకు రాగితీగ చుట్టడం, దాన్ని డాబా మీది ఏరియల్‌కు తగిలించడం, భోంచేసి ఓ కునుకు తియ్యడం. ఇడ్లీ దాటాక కునుకు తప్ప మిగిలినవేవీ అనుకున్నట్టు జరగలేదని ముందే చెప్పేస్తే కథలో పస ఉండదు గానీ, ఆ కునుకు కూడా జరగలేదు.

ఎలీషా ఆమదాలవలసలో ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్సు చెబుతాడు. ఏటేటా ట్రాన్స్‌ఫార్మర్ పాఠం చెప్పీ చెప్పీ అతనికి నోరు తిరిగిపోయింది. చేత్తో చుట్టింది మాత్రం ఒక్కటీ లేదు. "నోటితో అయితే పవర్‌హౌసే కట్టేస్తాను మెర్సీ, సేతికొచ్చేసరికి ఫ్యూజు ఎయ్యడం కూడా రాదు" అని తనమీద తనే జోకు వేసుకుంటాడు. భార్య మెర్సీ ఆ జోకుకు నవ్వడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో ఫ్యూజు వేసేది ఆవిడే.

మెర్సీ బాప్టిస్టు చర్చి క్వయర్‌లో పాడుతుంది. సముద్రాల అవతలి నుంచి షార్ట్‌వేవ్‌లో వచ్చే ఒక తెలుగు భక్తి కార్యక్రమం వాళ్లు ఆమె పాటను విశాఖపట్నంలో రికార్డు చేసుకున్నారు. ఆ సాయంత్రం ఆరున్నరకు ప్రసారం. ఒక్కసారే వేస్తారు, మళ్లీ వెయ్యరు. "మన రేడియోలో వస్తాదంటారా?" అని ఆమె ఆశగా అడిగిన రోజున ఎలీషా, "రాకపోడమేటి? అక్కడ గుండుసూది పడితే ఇక్కడ ఇనిపిస్తాది" అనేశాడు. నిజానికి ఆ రేడియోలో ఎప్పుడు పెట్టినా వీధి దీపాల బరబరే. గుండుసూది మాట దేవుడెరుగు, గునపం పడినా వినిపించదు.

రోగం కనిపెట్టినవాడు విజయనగరంలో ఉండే స్నేహితుడు పాల్. అతనికి ఇంట్లోంచే దేశదేశాలతో మాట్లాడే హామ్ రేడియో పిచ్చి. డాబా మీద పొడుగ్గా కట్టిన తీగకూ రేడియోలోకి దిగే కేబులుకూ పొత్తు కుదరడం లేదట. మధ్యలో ఒక మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలట. అంటే తీగవారికీ కేబులువారికీ సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట. ఇంతకంటే వివరంగా అడిగితే ఈ కథ చెప్పేవాడి గుట్టు కూడా బయటపడుతుంది.

ఎలీషా మొదట పాడైన కంప్యూటరులోంచి పసుపుపచ్చ రింగు ఒకటి ఊడదీసి, ముచ్చటగా ఉంది కదా అని దానికే తీగ చుట్టాడు. రేడియో ఉన్న కాస్త గొంతూ పోగొట్టుకుంది. "ఒరే, రంగు సూసి పిల్లని సేసుకోకు. అది ఇనపపొడితో సేసిన రింగు, దీనికి పనికిరాదు. ఫెర్రైటు కావాల, అందులోనూ నలభై మూడో నంబరు రకం. పైకి అన్నీ నల్లగా ఒక్కలాగే ఉంటాయి, అందుకే నంబరు రాసి మరీ పంపుతన్నాను" అని పాల్ తిట్టి, పాసింజరులో వచ్చే ఒకాయన చేత పొట్లం పంపాడు.

ఇదంతా మెర్సీకి తెలియకూడదు. తెలిస్తే గుండుసూది మాట తేలిపోతుంది. కాపురమేమో మావగారింటి మేడ మీది వాటాలో. కింద మావగారు ఆదాము, అత్తగారు జ్ఞానసుందరమ్మ. ఆదాముగారు చర్చి సంఘంలో పెద్దరికం చేసే డీకను. నెల మొదటి ఆదివారం ప్రసంగమయ్యాక లేచి, "సారా ముట్టకండి, పేకాట ఆడకండి, చుట్ట కాల్చకండి" అని వేలు చూపించి హెచ్చరించడం ఆయన హక్కు. ఆ మూడూ ఎరగని అల్లుడి వైపే ఆ వేలు ఎందుకు తిరుగుతుందో అల్లుడికి ఎప్పుడూ అంతుపట్టలేదు.

ఇడ్లీ తిని, ఎలీషా డాబా ఎక్కి కూర్చున్నాడు. ముందు కేబులు సాకెట్టుకు టంకం పెట్టి, ఆ పొగంతా తనే మింగాడు. తర్వాత మూడు తీగలు కలిపి పట్టుకుని, రింగు బెజ్జంలోంచి దూర్చి, లాగి, మళ్లీ దూర్చాడు. నాలుగో చుట్టు వేసేసరికి మొదటిది వదులై లేచి నిలబడింది. ఏడో చుట్టుకు మూడు తీగలూ మూడు దారులు పట్టాయి. విప్పాడు, మళ్లీ చుట్టాడు, మళ్లీ విప్పాడు. చివరికి, టంకం పెట్టే పుల్ల ఇంకా పక్కన పొగలు కక్కుతుండగానే, పాల్‌కు ఫోను చేశాడు. సిగ్నలు అంతంతమాత్రం కావడంతో గొంతు చించుకోవలసి వచ్చింది.

"నలభై మూడో నంబరే వచ్చిందిరా! నల్లటిది! ఆఁ, ఇందాకణ్ణించీ సుడతానే ఉన్నాను. సుట్టి సుట్టి ఏళ్లు నొప్పెడతన్నాయి. పొగకి కళ్లు మండిపోతన్నాయిరా బాబూ! లేదు లేదు, మెర్సీకి తెలీదు. తెలిస్తే కొంప మునిగిపోద్ది!"

మెర్సీ అప్పటికి టీ గ్లాసుతో మెట్ల మీద ఉంది. ఆమెకు రింగు కనపడలేదు, టంకం కనపడలేదు. పిట్టగోడ మీదుగా తేలిపోతున్న సన్నటి పొగ మాత్రం కనబడింది. గ్లాసు మెట్టు మీదే వదిలేసి వెనక్కి తిరిగింది.

పైన ఎలీషా అరుపు మాత్రం ఆగలేదు. "ఏటి? ఎన్ని? సరిగా ఇనబడ్డం లేదు! తొమ్మిది సుట్టాలా? తొమ్మిదే గదా? సరే, సాయంత్రానికి తొమ్మిదీ అయిపోవాల!"

ఆ ప్రాంతపు నోట చుట్టూ, చుట్టా, చుట్టమూ ఒకే ఇంట్లో కాపురముంటాయి. ఎవరు తలుపు తీస్తారో పిలిచినవాడి అదృష్టం. ఇప్పుడు కింద పెరట్లో తలుపు తీసింది జ్ఞానసుందరమ్మ. చేపలమ్మే గున్నమ్మతో వంజరం బేరమాడుతున్నదల్లా చెవి పైకి పెట్టింది.

"ఇన్నావేటే గున్నమ్మా! తొమ్మిది సుట్టాలంట! సాయంత్రానికి! ఒక్క ముక్క నాతో అన్నాడా సూడు ఈ అల్లుడు!"

"ఎవులమ్మా ఆల్లు?"

"ఇంకెవులు, అల్లుడి తరపు పొందూరోల్లే. పెల్లాం పాటకి పిలిసుంటాడు."

"అయితే ఒక్క సేపేటి సరిపోద్ది తల్లీ" అంటూ గున్నమ్మ తట్ట మొత్తం దింపేసింది.

అంతలో మెర్సీ కళ్లు తుడుచుకుంటూ దిగింది. "అమ్మా, మీ అల్లుడు సుట్టలు కాలుస్తన్నాడు."

"సుట్టలు కాదే పిచ్చిదానా, సుట్టాలు."

"సుట్టలే! సెవులారా ఇన్నాను, కళ్లారా పొగ సూసేను. నలభై మూడో నంబరు సుట్టలట. నాకు తెలీకుండా తనే సుట్టుకుంటన్నాడట!"

గున్నమ్మ నిప్పు వైపు లోపలికి పెట్టుకుని పీలుస్తున్న అడ్డచుట్టను నోట్లోంచి తీసి, ఆలోచనలో పడింది. "నలభై మూడో నంబరా? బుద్దెరిగిన కాడ్నించీ కాలుస్తన్నాను, సుట్టకి నంబరుంటాదని నేనిన్లేదు. సదువుకున్నోల్ల సుట్ట గావాల."

మెర్సీకి దుఃఖం పొంగింది. మూడు నెలలు సాధన చేసిన పాట. జన్మకొక్కసారి తన గొంతు లోకం చుట్టి తన ఇంటికొస్తున్న రోజున మొగుడు ఈ పని చేస్తాడా! "ఆ కంపులో కూకుని నా పాట నేనినను. ఆ రేడియో ఆయన్నే ఇనుకోమను" అని కింది గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మధ్యాహ్నం ఎలీషా దిగి వచ్చేసరికి వంటింట్లో ఊరికి సరిపడా పులుసు ఉడుకుతోంది. "ఇదంతా ఎవరికత్తయ్యా?" అన్నాడు.

"ఎవరికేటి, నువ్వు పిలిసిన తొమ్మండుగురికి!"

"నేనెవర్నీ పిలవలేదే!"

జ్ఞానసుందరమ్మ పులుసు వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. పులుసే ముఖ్యమనుకుంది. వెంటనే శ్రీకాకుళంలోని అన్నగారింటికి ఫోను చేసి, "మెర్సీ పాట రేడియోలో వస్తాది, వంజరం పులుసుంది, అందరూ వచ్చేయండి" అంది. ఆ ఇంట్లో సరిగ్గా తొమ్మిది మంది ఉన్నారు. ఒక్క భార్య ముందు పోవలసిన పరువు ఇప్పుడు ఆటో నిండా జనం ముందు పోబోతోందని ఎలీషా సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మెర్సీ గది తలుపు తట్టాడు. "ముందు నోరు కడుక్కుని రండి" అంది లోపల్నుంచి. చేపల వాసన గురించి కాబోలనుకుని, పాపం, నోరు కడుక్కోవడమే కాకుండా రెండు లవంగాలు కూడా నమిలి వచ్చాడు. తలుపు సందులోంచి లవంగం వాసన తగలగానే ఆమె అనుమానం కాస్తా రుజువైపోయింది. తలుపు మళ్లీ పడింది.

ఎండ తగ్గాక జ్ఞానసుందరమ్మ వెళ్లి, అల్లుడి నలభై మూడో నంబరు చుట్టల సంగతి మొగుడి చెవిన వేసింది. ఆదాముగారు ఉలిక్కిపడి లేచి, పొందూరు ఖద్దరు చొక్కా తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకున్నారు. "నేను మాటాడతాను. ఎవులూ పైకి రావద్దు" అని ఆజ్ఞాపించి, వయసుకు తగని వేగంతో డాబా ఎక్కారు.

"ఏదీ? ఇలా తే" అన్నారు.

"ఏటి మావయ్యా?"

"నటించకు. నలభై మూడో నంబరు."

గుట్టంతా తెలిసిపోయిందనుకుని ఎలీషా రింగు ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేటిది? వాసనే లేదు. సుట్ట ఏదీ?" అన్నారు.

"సుట్ట ఏటి మావయ్యా? ఇయి సుట్లు. తీగ సుట్లు!"

అల్లుడు నిర్దోషి అని తేలినందుకు వికసించవలసిన డీకను ముఖం ఎందుకో వాడిపోయింది. "అయితే ఒక్కటీ లేదా?" అన్నారు నీరసంగా. ఆ ప్రశ్నను పట్టించుకునే స్థితిలో ఎలీషా లేడు. గుండుసూది దగ్గర్నుంచి అంతా కక్కేశాడు. "బుద్ధి తక్కువై గొప్పలకి పోయేను. ఇంకాసేపట్లో ఈ తొమ్మిది సుట్లూ పడకపోతే మీ అమ్మాయి పాట గాల్లోనే పోద్ది. నాకేమో సెయ్యి తిరగడం లేదు మావయ్యా" అన్నాడు.

ఆదాముగారు ఆ వదులు చుట్లను చూడలేకపోయారు. "సుట్టడమంటే ఇదేటి? పట్టూ లేదు, బిగువూ లేదు. ఇలా తే."

బైబిలు పిట్టగోడ మీద పెట్టి, మఠం వేసుకుని కూర్చున్నారు. మూడు తీగలూ ఆయన బొటనవేలి కింద పొగాకు ఆకులా లొంగిపోయాయి. దూర్చడం, లాగడం, వేలితో నొక్కి దొర్లించడం. ఒక చుట్టు పక్కన ఇంకొక చుట్టు ఒద్దికగా కూర్చుంది. తొమ్మిదోది అవగానే ఆయన కొసను నాలుకతో తడిపి, అతికించినట్టు నొక్కి, రింగును చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్లతో నలిపి విన్నారు.

"మావయ్యా, రాగితీగకి ఎంగిలెందుకు?" అన్నాడు ఎలీషా.

ఆయన ఉలిక్కిపడి, "తర్వాతేటి సెయ్యాల?" అన్నారు.

"కొసల మీద పూత కాల్సాల. అగ్గిపెట్టి కిందుంది, తెస్తాను..."

ఎలీషా లేవకముందే ఆదాముగారి చెయ్యి తనంత తానే ఖద్దరు జేబులోకి వెళ్లి అగ్గిపెట్టె పట్టుకొచ్చింది. మావా అల్లుడూ ఇద్దరూ దానివంక చూశారు.

"మా అయ్యకి సంతలో సుట్టల కొట్టుండేది. సిన్నప్పుడు నేనే సుట్టేవోణ్ణి" అన్నారు ఆదాముగారు నేల చూపులు చూస్తూ. "ఈ అగ్గిపెట్టంటావా, కరెంటు పోతే ఉంటాదని..."

"పట్టపగలు కరెంటు పోతే అగ్గిపెట్టెందుకు నాన్నా?"

డాబా తలుపు దగ్గర మెర్సీ నిలబడి ఉంది. నాన్న తన మొగుణ్ణి మరీ తిట్టేస్తాడేమోనని మనసాగక వెనకే వచ్చి, అంతా విన్నది. తండ్రిని వదిలేసి ఎలీషా దగ్గరకు వచ్చింది.

"ఇదంతా నా పాట కోసమా?"

"నువ్వు ఇనాలనే మెర్సీ. నీకంటే నాకే ఎక్కువ ఆశ."

"మొదటే సెప్తే నేనే సుట్టేదాన్ని గదా! ఇంట్లో ఫ్యూజు ఏసేదెవరు?" అంటూ అతని చేతిలోంచి టంకం పుల్ల లాక్కుంది.

ఆరున్నరకు చుట్టాలు తొమ్మండుగురూ రేడియో చుట్టూ కిక్కిరిసి కూర్చున్నారు. బరబర వినిపించింది. ఎలీషా డయలును వెంట్రుకవాసి తిప్పాడు. ఆ బరబర పలచబడి, వెనక నుంచి మెర్సీ గొంతు లేచింది. అల లాగా దగ్గరకొచ్చి, దూరమై, మళ్లీ దగ్గరకొచ్చింది. మెర్సీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని తన పాట తనే కొత్తగా విన్నది. ఎలీషాకు కళ్లు చెమర్చాయి. ఎవరో అడిగితే, టంకం పొగ ఇంకా పోలేదన్నాడు.

పాటయ్యాక జ్ఞానసుందరమ్మ అన్నగారు రింగును చూసి మెచ్చుకుని, "అబ్బో, ఎంత పొందిగ్గా ఉన్నాదో! ఎవులు సుట్టేరు అల్లుడూ?" అన్నాడు. ఆదాముగారు కంచంలోని ముల్లును శ్రద్ధగా పరిశీలించసాగారు.

"నేనేనండి" అన్నాడు ఎలీషా. "ఫ్యూజు ఎయ్యడం ఒక్కటే రాదు."

చాలాకాలం తర్వాత ఆ జోకుకు మెర్సీ పడీ పడీ నవ్వింది.

మరుసటి నెల మొదటి ఆదివారం ఆదాముగారు యథాప్రకారం లేచి వేలు చూపించారు. సారా వచ్చింది, పేకాట వచ్చింది, చుట్ట దగ్గరకు వచ్చేసరికి ఆయనకు దగ్గు వచ్చింది.