సంగడి మలుపున సీతారావమ్మ జయభేరి

సిద్ధార్థి నామ సంవత్సర వైశాఖమాసమున, కృష్ణవేణీ తరంగములపై పడమటిగాలి బుసలు కొట్టుచుండగా, ముక్త్యాల రేవున జగ్గయ్యపేట బస్సు హుంకరించుచుండగా, అవతలి గట్టునుండి రెండు సంగడులు బయలుదేరెను. సంగడియనగా రెండు తాటిదోనెలను పలకలతో జంటగట్టి తెరచాపనెత్తిన నావ.

ఒకదానిలో సీతారావమ్మ, రెండవదానిలో ఆమె వియ్యపురాలు బసవమ్మ. ఇరువురును ఒకే పెళ్ళికి పోవువారు. ఆ బస్సులో రెక్క పైకి లేచు కిటికీ ఒక్కటే. నదీతరంగములకు చలించని సీతారావమ్మ ఉదరము బస్సెక్కినంతనే మథనసముద్రమగును. కిందటేడు బసవమ్మ పట్టుచీరకు జరిగిన అనర్థమును రెండు వంశములవారు నేటికిని మరువలేదు. మరల జరిగినచో మొగమెట్లు చూపుట?

"ఏం వదినగారూ, మీ సంగడి ముసలెద్దులా ఉందే! కిటికీ నాదే ఇవాళ!" అని బసవమ్మ గర్జించెను.

"వాళ్ళ దోనెలు పొడుగు, వాటి మధ్య ఎడం కూడా ఎక్కువ. తిన్నగా పోతే గుర్రమేనమ్మా," అనెను సీతారావమ్మ సారథి సిలార్. "మలుపులో చూడండి. మనవి పొట్టివి, దగ్గరగా కట్టా. నేను వెనక్కంటే మీరు వెనక్కి జరగాల. ముక్కు లేస్తేనే తిరుగుద్ది."

"దూకమన్నా దూకుతా, పోనీయి నాయనా!"

ఎదురుగాలికి తిన్నగా పోరాదు గనుక నావలు వంకరలు తిరుగుచు సాగెను. తిన్నని పరుగున బసవమ్మ ముందు, మలుపున సీతారావమ్మ ముందు. ఇట్లు సరిసమానముగా నడినదిని చేరినంతనే చివరి మలుపు వచ్చెను.

నడినదిలో ముందుకు వంగి కృష్ణమ్మకు పసుపు సమర్పించుట ఆ రేవు స్త్రీల ఆచారము. సీతారావమ్మ పిడికిట పసుపు పట్టి లేచెను.

"వెనక్కమ్మా!"

అటు దైవము, ఇటు చీర. "తల్లీ, గట్టెక్కాక రెట్టింపిస్తా, ఏమనుకోకు!" అని ఆ ధీరురాలు వెనుకకొరిగెను. జంటముక్కులు లేచెను, చాప అవతలికి వాలెను, సంగడి గిరుక్కున తిరిగెను.

అటు బసవమ్మ సారథి కొండలరావు, "వెనక్కి రండమ్మగారూ!" అని మొత్తుకొనుచుండగా, "ఉండవయ్యా, దణ్ణం పెట్టుకోనీ!" అని బసవమ్మ ముందుకు వంగెను. దోనెల ముక్కులు నీట మునిగెను. ఎడముగల ఆ మహానౌక గాలికెదురుగా నిలిచిపోయి, చాప టపటపలాడగా, వెనుకకు కొట్టుకొనిపోజొచ్చెను.

సీతారావమ్మ రేవున దిగి, రెట్టింపు పసుపు నీట విసరి, సిలార్ తలగుడ్డ లాగికొని పరుగెత్తి, కిటికీలోనుండి సీటుపై వేసెను. రొప్పుచు వచ్చిన బసవమ్మకు దాని పక్క సీటే మిగిలెను.

జగ్గయ్యపేట చేరులోగా ఆ వీరవనిత మూడుమార్లు కిటికీ వెలుపలికి శిరస్సు సాచెను. వినుడు జనులారా! ఓడిన బసవమ్మ పట్టుచీరపై ఆనాడు ఒక్క చుక్కయు పడలేదు.