టీవీలో నవ్విన అమ్మ

ఆ ఆదివారం పొద్దున ల్యూబో వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. అత్తగారు నెవెంకకు డెబ్బై ఏళ్లు నిండుతున్నాయి. ఆవిడ తండ్రి ఓడలో కళాసీగా ఉన్నప్పుడు ట్రియెస్తె రేవులో కొన్న కెమెరాతో తీసిన ఫిల్ము చుట్టలు అటక మీద దొరికాయి. ల్యూబో వాటిని గుట్టుచప్పుడు కాకుండా స్ప్లిట్ పట్నంలో ఒక దుకాణానికి ఇచ్చి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకొచ్చాడు. తను కూడా ముందుగా చూడలేదు. అందరితో కలిసి ఆశ్చర్యపోవాలని అతని సరదా.

అక్కడితో ఆగినా బాగుండేది. తండ్రి పడవను చెప్పాపెట్టకుండా అమ్మేశాడని తమ్ముడు ఫ్రానెతో నెవెంకకు ఏళ్ల తరబడి మాటల్లేవు. ల్యూబో ఫ్రానెకు ఫోన్ చేసి "మీ అక్కే మిమ్మల్ని పిలవమంది" అన్నాడు. అత్తగారి దగ్గర "మీ తమ్ముడే వస్తానన్నాడు" అన్నాడు. రెండూ పచ్చి అబద్ధాలే.

భోజనాల బల్లకు ఆ కొసన అక్క, ఈ కొసన తమ్ముడు కూర్చున్నారు.

"సాండా, ఆయనకి మాంసం సరిపోయిందేమో కనుక్కో," అంది నెవెంక కూతురితో.

"సరిపోయిందని చెప్పమ్మా. ఉప్పే కాస్త ఎక్కువైందని కూడా చెప్పు," అన్నాడు ఫ్రానె మేనకోడలితో.

మాట ముదరకముందే ల్యూబో టీవీ పెట్టాడు. మసక మసకగా, మాటా పలుకూ లేకుండా బొమ్మ కదిలింది. సముద్రపు ఒడ్డు, తలకు గుడ్డ కట్టుకుని విరగబడి నవ్వుతున్న ఒకావిడ, ఒక పిల్ల, ఒక బుడతడు.

"అరే, అది నేనే! ఆ చెవులు చూడండి!" ఫ్రానె లేచి నిలబడ్డాడు. "అమ్మ! అక్కా, అమ్మ!"

ఫ్రానెకు ఐదేళ్లప్పుడే తల్లి పోయింది. గుర్తింపు కార్డు కోసం మొహం ముడుచుకుని తీయించుకున్న ఫొటో తప్ప ఆమెది ఇంకేదీ లేదు; సమాధి రాయి మీద కూడా అదే. తెర మీద ఆ పిల్ల తన రొట్టె తుంచి బుడతడి నోట్లో పెట్టింది. ఫ్రానె బల్ల చుట్టూ తిరిగొచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.

"నీ రొట్టె నాకు పెట్టేశావే అక్కా!"

నెవెంక తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. సాండ కళ్లు తుడుచుకుంది. ల్యూబో ఛాతీ ఉప్పొంగింది. సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోన్ మోగింది.

వంటింట్లోకి వెళ్లి ఎత్తితే దుకాణం అతను. "అయ్యా, మన్నించాలి. మీదీ ఇంకొకరిదీ తారుమారైంది. మీ దగ్గరున్నది వాళ్లది. వాళ్లు మీ చిరునామా తీసుకుని బయల్దేరిపోయారు కూడా."

ల్యూబో చెప్పేద్దామని గదిలోకి వచ్చాడు. అప్పటికే ఫ్రానె ఆ నవ్వు మొహాన్ని తెర మీద ఆపించి, ఫొటో తీసి, సమాధిరాళ్లు చెక్కేవాడికి పంపించి, ఫోన్‌లో అరుస్తున్నాడు.

"ఆ పాత ఫొటో పీకెయ్యవయ్యా! అమ్మ సమాధి మీద ఇదే ఉండాలి. నవ్వుతోందయ్యా మా అమ్మ!"

ల్యూబో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అదేంటి, అలా పాలిపోయావ్?" అంది అతని భార్య సాండ.

"ఉప్పు... నిజంగానే ఎక్కువైంది."

తలుపు గంట మోగింది. అతను పరుగెత్తాడు. బయట తెరేజ అనే ఒక నిండైన మనిషి, చేతిలో పెన్ డ్రైవ్ ఉన్న చిన్న కవరుతో నిలబడి ఉంది.

"ఇక్కడే మార్చేసుకుందామండీ. లోపల పెద్దావిడకి ఒంట్లో బాలేదు," అని గొణిగాడు ల్యూబో.

"ఎవరికి బాలేదు?" వెనకనుంచి నెవెంక గొంతు. "మంచిరోజున వచ్చిన మనిషిని మెట్ల మీద నిలబెడతావా అబ్బాయ్? రామ్మా, కేకు తిందువుగాని."

లోపలికొచ్చిన తెరేజ టీవీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మా అమ్మ మీ ఇంట్లో ఏం చేస్తోంది?"

ల్యూబో జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. మొదలుపెట్టాక ఆగడం చేతకాక ఆ రెండు అబద్ధాలూ కక్కేశాడు. నేల చీలితే దిగిపోదామనిపించింది గానీ, ఉన్నది మూడో అంతస్తు, దిగినా కింది వాళ్ల భోజనాల బల్ల మీదే తేలతాడు.

అతని సిగ్గు ఫ్రానె సిగ్గు ముందు ఏపాటిది? ఫ్రానె ఫోన్‌ను బోర్లించాడు. "కన్నతల్లిని పోల్చుకోలేకపోయాను," అన్నాడు తల వంచుకుని. "క్షమించమ్మా, మీ అమ్మని మా సమాధికెక్కించబోయాను."

"నాకు మొదట్లోనే తెలిసింది," అంది నెవెంక. "అమ్మ ముక్కు అలా ఉండదు."

"మరి చెప్పవేం?"

"వచ్చి నా పక్కన కూర్చున్నావు. ఎలా లేపను?" ఆవిడ బల్ల మీది రొట్టె ముక్కలు ఏరుతూ ఉండిపోయింది. "ఆ పిల్లని నేననుకున్నావు చూడు, అదిరా నాకు సిగ్గు. నా రొట్టె నీకు ఏనాడు పెట్టాను?"

ఫ్రానె తలెత్తకుండానే అన్నాడు. "పడవ అడుగంతా పుచ్చిపోయిందక్కా. నాన్న పడవని కాపాడలేకపోయానని నీకు చెప్పడానికి మొహం చెల్లక, అమ్మేశాను."

రాళ్లు చెక్కేవాడికి వద్దని చెప్పాక తెరేజ తెచ్చింది పెట్టారు. అంతా పడవే. ముందునుంచి పడవ, వెనకనుంచి పడవ, పక్కనుంచి పడవ.

"మా వాళ్లు ఇది చూసి, మా తాత పడవేనని నిన్న ఒకటే ఏడుపు," అంది తెరేజ మొహమాటంగా.

ఆఖర్న ఒక ఇంట్లోంచి చేతిలో చాకుతో ఒకావిడ బయటికొచ్చింది. కెమెరాను చూసి మొహానికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. తర్వాత అది దించి, కనుబొమలు ముడిచి, నోరారా ఏదో అంది. ఫ్రానె మోకాళ్ల మీద టీవీ దగ్గరికి జరిగాడు.

"అమ్మ ఏమంటోందక్కా?"

"'ఆ పెట్టె అవతల పారేసి, వచ్చి చేపలు తోమండి' అంటోంది."

ఫ్రానె నవ్వుతూ ఏడ్చాడు. నెవెంక ఏడుస్తూ నవ్వింది. అదే బొమ్మ మళ్లీ పెట్టమన్నారు, ఆపైన మళ్లీ పెట్టమన్నారు.

ల్యూబో మెల్లగా లేచి, గిన్నెలన్నీ పోగేసుకుని తోమడానికి వెళ్లాడు. ఎవరూ వద్దనలేదు.