దివంగత లాయరుగారి అభ్యంతరం

"ఈ జిల్లా నుంచి లా చదివిన తొలి నల్లజాతి మహిళ ఆర్డీలియా గేన్స్‌కు మన కోర్టు తీరని అన్యాయం చేసింది. గురువారం ఆమెకు మరణానంతరం లాయరు పట్టా ఇస్తున్నాం" అని జడ్జి హార్లన్ ప్రిడీ గారు టాలివర్ కౌంటీ కోర్టు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ప్రకటించి కళ్లు తుడుచుకున్నారు. ఫొటో సరిగా రాలేదని విలేకరి అంటే, విసుక్కోకుండా మళ్లీ తుడుచుకున్నారు. అంతటి సహృదయులు.

అన్యాయం జరిగిన మాట నిజమే. నా చిన్నతనంలో ఆవిడ ఉత్తరాదికి పోయి లా చదివి వస్తే, నల్ల లాయరమ్మ టోపీ తగిలించుకోవడానికి కోర్టు గోడకు మేకు లేదని దరఖాస్తు తిప్పి పంపారు. ఆ మేకు కొట్టడానికి డెబ్బై ఏళ్లు పట్టింది. మా గోడలు గట్టివి.

చిక్కల్లా ఒక్కటే. మిస్ ఆర్డీలియా ఇంకా పోలేదు. తొంభై దాటిన ఆవిడ చేతికర్ర ఆనించుకుని నా పక్కనే నిలబడి ఆ ప్రకటన వింటున్నారు.

"ఏమోయ్ లీమన్, నేనెప్పుడు పోయాను?"

"రేపు పేపర్లో వేస్తారు లెండి, చూసి చెబుతాను" అన్నాను.

ఆవిడకు పట్టా మోజు లేదు, అవసరం ఉంది. కోర్టుకు వచ్చే కార్లకు చోటు చాలడం లేదని కౌంటీ మా మౌంట్ నీబో చర్చి శ్మశానం మీద కన్నేసింది. ఆ కేసు కూడా గురువారమే. మిస్ ఆర్డీలియా తల్లిని పాతిపెట్టింది అక్కడే. చర్చి తరఫున లాయరు తప్ప ఎవరు నోరు తెరిచినా చెల్లదు. కౌంటీకి ఎదురు నిలిచే లాయరు మా ఊళ్లో పుట్టలేదు. పుట్టిందల్లా ఈవిడే.

అందుకని ఇద్దరం జడ్జిగారి గదికి వెళ్లాం. ఆయన లేచి కుర్చీ వేశారు. తీర్మానంలో మరణానంతరం అని ఉందని, ఉపన్యాసాలు అచ్చయిపోయాయని, గవర్నరుగారి సంతాప సందేశం కూడా వచ్చేసిందని ఎంతో నొచ్చుకుంటూ చెప్పారు. తరవాత కాస్త ఆశగా ముందుకు వంగారు.

"ఒంట్లో ఎలా ఉంటోందమ్మా? డాక్టరేమంటున్నాడు?"

"డాక్టరు పోయాడు బాబూ."

"బతికున్నవాళ్లకి పట్టా ఇవ్వడం నాకూ ఇష్టమేనమ్మా. కానీ బతికున్న లాయర్లు కేసులు వాదిస్తారు. అదే ఇబ్బంది."

గురువారం కోర్టు హాలు కిటకిటలాడింది. బయట పీచ్ పళ్లతో కాల్చిన కాబ్లర్ ఫలహారం, చల్లటి తీపి టీ. మిస్ ఆర్డీలియా ముందు వరసలో కూర్చున్నారు. ఈ మహనీయురాలు ఇవాళ మన మధ్య ఉంటే ఎంత పొంగిపోయేదోనని జడ్జిగారు ఆవిడ కళ్లలోకి చూస్తూ అన్నారు. ఆవిడ ఆత్మశాంతికి అందరినీ లేచి ఒక నిమిషం మౌనం పాటించమన్నారు. అందరితో పాటు ఆవిడా లేచారు.

"అభ్యంతరం, యువర్ ఆనర్."

"అభ్యంతరం చెప్పే హక్కు లాయర్లకే ఉందమ్మా, కూర్చోండి" అని జడ్జిగారు మౌనాన్ని మళ్లీ మొదటి నుంచి పెట్టించారు. ఆ తరవాత సుత్తి కొట్టి, ఆర్డీలియా గేన్స్ ఈ క్షణం నుంచి లాయరని తీర్పు చెప్పారు. చప్పట్లు ఆగేదాకా ఓపిక పట్టి ఆవిడ మళ్లీ లేచారు.

"ఇప్పుడు చెప్పొచ్చా?"

జడ్జిగారికి వినబడలేదు. బ్యాండు మొదలైంది.

కాబ్లర్ అయ్యాక శ్మశానం కేసు పిలిచారు. చర్చి తరఫున ఎవరని అడిగితే, ఆర్డీలియా గేన్స్, లాయరు అని ఆవిడ చెప్పుకున్నారు. వెంటనే కౌంటీ లాయరు, మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, పొద్దున్నే జడ్జిగారు సంతకం పెట్టిన ఉత్తర్వు చదివాడు. అందులో ఆవిడ పేరుకు ముందు 'దివంగత' అని ఉంది.

జడ్జిగారు చాలాసేపు నుదురు నొక్కుకున్నారు.

"నా తీర్పు నేనే ఒక్క పూటలో ఎలా తిరగరాస్తానమ్మా? చర్చికి లాయరున్నారు, కాదనను. పాపం, హాజరు కాలేకపోయారు."

శ్మశానం కౌంటీకి దక్కింది. అయితే జడ్జిగారు చరిత్రను మరిచే మనిషి కారు. అక్కడ కార్లు నిలిపే గీతలు గీయించేటప్పుడు దగ్గరుండి, మొదటి వరసలో నీడపట్టున ఉన్న చోటును మిస్ ఆర్డీలియా పేరున రాయించారు. వాళ్లమ్మను పెట్టింది సరిగ్గా అక్కడే. అక్కడ ఇంకెవరు కారు ఆపినా జరిమానా.