మాజీ శ్రోత

ఒక పెద్ద అడవిలో, పనీపాటా ఉన్న జంతువులన్నీ పొద్దున్నే ఎవరి దారిన అవి వెళ్లిపోయాక, ఎక్కడికీ వెళ్లనక్కర్లేని ముసలి మృగాలు కొన్ని మిగిలిపోయేవి. ఇంట్లో ఉంటే ఆడవాళ్ల కాళ్లకు అడ్డం. బయటికి పోతే కుర్ర జంతువులు పలకరించవు. అందుకని అవన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. 'మాజీ మగ మృగాల సంఘం' అని బెరడు మీద రాయించి చెట్టుకు వేలాడదీశాయి. అటుగా వెళ్లే ఆడ మృగాలు ఆ బోర్డు చదివి, మూతికి తోక అడ్డం పెట్టుకుని నవ్వుకునేవి. ఎందుకు నవ్వుతున్నాయో సంఘానికి ఎనిమిదేళ్లయినా బోధపడలేదు.

ప్రతి గురువారం ఎండెక్కే వేళకు సభ. వాగు పక్కన బల్లపరుపు బండ ఒకటి ఉంది, అదే వేదిక. సభ్యులు తొమ్మిది మంది. అధ్యక్షుడు గున్నయ్య అనే ఏనుగు, మాజీ నీటిమడుగుల పెత్తందారు. కార్యదర్శి కొండలరావు అనే కొండముచ్చు, మాజీ పళ్ల తనిఖీ అధికారి. ఎలుగుబంటి భూషణం మాజీ తేనె గిడ్డంగి అధికారి. తోడేలు మాజీ కావలి. ఒక్కడు తప్ప మిగతావాళ్లూ ఏదో ఒకదానికి మాజీలే. ఆ ఎనిమిది మందీ బండ మీద కూర్చునేవారు. కింద గడ్డిలో కూర్చునేది ఒక్కడే, గాడిద పుల్లయ్య.

సభలో సగం సేపు పిలుపులకే సరిపోయేది.

"మచ్చలేని మహామృగం, మాజీ నీటిమడుగుల పెత్తందారు, శ్రీ గున్నయ్యగారిని వేదికను అలంకరించవలసిందిగా సవినయంగా కోరుతున్నాను!" అనేవాడు కొండలరావు. పొద్దుటినుంచీ బండ మీదే ఉన్న గున్నయ్య ఆ మాట కోసం కిందికి దిగి, మళ్లీ ఎక్కేవాడు.

తర్వాత ఉపన్యాసాలు. నిజం చెప్పాలంటే వాటిని ఇష్టపడి విన్నవాడు అడవి మొత్తానికీ పుల్లయ్య ఒక్కడే. భూషణం ఉపన్యాసంలో అతని మీద పడ్డ తేనెటీగలు మొదటి ఏడాది నలభై. ఎనిమిదో ఏటికి నాలుగు వేలయ్యాయి. పెరిగినప్పుడల్లా పుల్లయ్య సొంతవాడికి మేలు జరిగినట్టు సంబరపడి గిట్టలు టపటపలాడించేవాడు.

అయితే అతనికీ ఒక కోరిక ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన పేరు పట్టుకుని 'వేదికను అలంకరించవలసిందిగా' అని పిలిస్తే చాలు. పిలిస్తే ఎలా నడవాలో పెరట్లో నడిచి చూసుకునేవాడు కూడా.

ఒక గురువారం సభ అయ్యాక సిగ్గు విడిచి కొండలరావు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, నన్నూ ఒకసారి పైకి పిలవరా?"

"నువ్వు దేనికి మాజీవి పుల్లయ్యా?"

"ముప్పై ఏళ్లు కొండ అవతలినుంచి ఉప్పు మోశానండి."

"మోశావు, కాదనను. ఇక చాలు పొమ్మని నీకెవరైనా ఉత్తర్వు ఇచ్చారా?"

"లేదండి. నడుం పడిపోయింది."

"అదే మరి! నడుం పడిపోతే ముసలివాళ్లవుతారు. మాజీలు కారు. రెండూ వేరు."

పుల్లయ్య తల వేలాడేసుకుని ఇంటికి వచ్చాడు. సంగతి విని అతని భార్య నాంచారమ్మ మండిపడింది.

"ఎనిమిదేళ్లు వాళ్ల గొప్పలు విన్నావు కదయ్యా! ఈ గురువారం పోకు. ఎవరి విలువ ఎంతో వాళ్లకే తెలుస్తుంది."

పోలేదు. కానీ ఎండెక్కేసరికి నాంచారమ్మ ఊడవడం మొదలుపెట్టి, "లే, అటు జరుగు, ఇటు జరుగు" అని నాలుగుసార్లు లేపింది. అయిదోసారికి పుల్లయ్య మెల్లగా జారుకుని, బండ పక్కనున్న పొద వెనక నక్కి చూడసాగాడు.

గున్నయ్య తొండమెత్తి, "సభకు విచ్చేసిన..." అని ఆగిపోయాడు. కింద గడ్డి తప్ప ఏమీ లేదు.

"కొండలరావూ, జనం ఏరీ?"

"జనం ఇవాళ రాలేదండి."

జనం అంటే తనేనని పొద వెనక పుల్లయ్యకు తెలిసి ఒళ్లు పులకరించింది.

"ఎవరైనా కాసేపు కిందికి దిగి కూర్చోండి," అన్నాడు గున్నయ్య. భూషణం మోకాళ్లు పట్టుకున్నాడు. తోడేలు, నేను దిగితే నా హోదా ఏం కావాలంది. మిగతావాళ్లు ఆకాశంలోకి చూశారు.

"పోనీ, మన ఆడవాళ్లను వినడానికి పిలుద్దామా?" అన్నాడు కొండలరావు.

"మా ఆవిణ్ణి ఒకసారి అడిగాను," అన్నాడు గున్నయ్య దిగులుగా. "ఇంట్లో విన్నది చాలదా అంది."

కొండలరావు చాలాసేపు గోక్కుని ఒక ఎత్తు వేశాడు. "పుల్లయ్యను కూడా మాజీని చేసేద్దాం. వాడు ఇక్కడ చేసిన పనల్లా వినడమే కదా. 'మాజీ శ్రోత' అందాం."

పుల్లయ్య అంతవరకే విన్నాడు. ఆనందం పట్టలేక తోక ఎగరేసుకుంటూ ఇంటికి పరుగెత్తాడు. కాబట్టి మిగతా ముక్క అతని చెవిన పడలేదు.

"ఒక్క వారం పైకి పిలిచి శాలువా కప్పుదాం," అంటున్నాడు కొండలరావు. "ఆపై వారం నుంచి మళ్లీ కిందే. సన్మానం జరిగినవాడు మరింత శ్రద్ధగా వింటాడు."

మరుసటి గురువారం పిలుపు రానే వచ్చింది. "సహనశీలి, నిండుకుండ, మాజీ శ్రోత, శ్రీ పుల్లయ్యగారిని వేదికను అలంకరించవలసిందిగా..." పుల్లయ్యకు కళ్లు తిరిగాయి. పెరట్లో నేర్చుకున్న నడక ఒక్క అడుగూ గుర్తు రాలేదు. ఎలాగో బండ ఎక్కాడు. టేకాకులు కుట్టిన శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

అతని దగ్గర ఒక కథ ఉంది, ఎన్నడూ ఎవరికీ చెప్పనిది. ఒక వానాకాలం వాగు పొంగి, వీపు మీది ఉప్పంతా నీళ్లలో కరిగిపోయింది. ఆ నెలంతా అడవి అడవంతా చప్పిడి తిండి తింది. పైవాళ్లకు జడిసి, ఉప్పు దొంగలెత్తుకుపోయారని అబద్ధమాడాడు. ఆ సిగ్గు ఇన్నేళ్లూ గుండెలో పెట్టుకుని తిరిగాడు. ఇవాళ అంతా చెప్పేశాడు.

చెబుతూ ఎదురుగా చూస్తే ఖాళీ గడ్డి. పక్కకు చూస్తే తోడేలు ఆవలిస్తోంది. భూషణం తన ఉపన్యాసం పెదాలు కదిలిస్తూ వల్లె వేసుకుంటున్నాడు. గున్నయ్య నిలబడే నిద్రపోతున్నాడు.

ముగించగానే అందరూ బ్రహ్మాండంగా చప్పట్లు కొట్టారు.

"అద్భుతంగా మాట్లాడారండీ," అన్నాడు భూషణం భుజం తట్టి. "ముఖ్యంగా ఆ తేనె సంగతి."

పుల్లయ్యకు ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు మోసిన మూటల్లో ఏదీ ఆ ఆకుల శాలువా అంత బరువనిపించలేదు. కింద గడ్డిలో ఉన్నప్పుడే సుఖంగా ఉందని తెలిసిపోయింది.

ఆపై గురువారం అందరికంటే ముందే వచ్చి, తన పాత చోట కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. కొండలరావు ముఖం వెలిగిపోయింది. ఎత్తు పారిందనుకున్నాడు.

అప్పుడు తోడేలు లేచి నిలబడింది. "అధ్యక్షా! ఇది నియమాలకు విరుద్ధం!"

సంగతేమిటంటే, కావలి పని పోయాక కూడా తోడేలు అలవాటు కొద్దీ 'దొంగ, దొంగ' అని అరుస్తూ కుందేళ్లను తరుముతుంటే, దాన్ని ఆపడానికి నిరుడు సంఘం ఒక నియమం పెట్టింది. మాజీ అయినవాడు పాత పని మళ్లీ చేయరాదు. ఆ వాక్యం రాసింది కొండలరావే.

"నా నోరు కట్టేసిన నియమం ఆయన చెవులకు వర్తించదా?" అంది తోడేలు. "మాజీ శ్రోత వినడానికి వీల్లేదు!"

పుల్లయ్య గాభరాగా లేచాడు. "అయితే రాజీనామా చేసేస్తానండి."

"దేనికి?"

"ఆ మాజీకి."

గున్నయ్య చెవులు విసురుకున్నాడు.

"పదవికి రాజీనామా ఉంటుంది పుల్లయ్యగారూ. మాజీకి రాజీనామా ఎక్కడిది?"

మర్యాదగా చేయిపట్టి మళ్లీ బండ ఎక్కించారు. తొమ్మిది మందీ ఇరుక్కుని కూర్చున్నారు.

భూషణం మాట్లాడ్డానికి లేచాడు. ఇరుకుకో, ఎండకో, ఆ రోజు అతను తేనె ఊసెత్తలేదు. చిన్నప్పుడు చెట్టుమీంచి పడితే వాళ్లమ్మ రాలేదట. పొద్దుగూకేదాకా కింద కూర్చుని ఏడ్చాడట. ఎనిమిదేళ్లలో మొదటిసారి అతను నిజం చెబుతున్నాడు. పుల్లయ్య చెవులు వాటంతట అవే నిక్కబొడుచుకున్నాయి.

"అధ్యక్షా! మాజీ శ్రోతగారు వింటున్నారు!" అని అరిచింది తోడేలు.

కొండలరావు దగ్గరికి వచ్చి, చేతులు జోడించి, ఎంతో వినయంగా అన్నాడు. "పుల్లయ్యగారూ, దయచేసి చెవులు."

పుల్లయ్య చెవులు రెండూ కిందికి వాల్చేశాడు. భూషణం మాత్రం ఖాళీ గడ్డికి చెప్పుకుంటూ పోయాడు.

నీతి కావాలనేవాళ్లకు నీతి: పదవిలో ఉన్నవాణ్ణి మెడపట్టి దింపొచ్చు గానీ, మాజీని దింపడం మాత్రం ఆ మాజీ వల్ల కూడా కాదు.