ప్రజలకో వీలాన్

"నేటి నుంచి మన కూరబిన్ కౌన్సిల్ కంప్యూటర్లలోకి ఏ అనామకుడూ జొరబడలేడు!" అని మేయర్ మెర్విన్ స్ట్రాకన్ లైబ్రరీ మెట్ల మీద ప్రకటించారు. చేతిలో సాసేజీ చుట్టిన రొట్టె ఉన్నా గొంతులో గాంభీర్యం తగ్గలేదు. క్వీన్స్‌లాండ్‌లో ఇంత దూరదృష్టి గల మేయర్ మరొకరు లేరని నా నమ్మకం. కౌన్సిల్ కంప్యూటర్లు చూసే ఉద్యోగిని నేను. నమ్మడం నా విధుల్లో ఒకటి.

మాకున్నది ఒక్కటే స్విచ్, అంటే కంప్యూటర్ల తీగలన్నీ కలిసే పెట్టె. ఆఫీసు తీగలూ లైబ్రరీ తీగలూ దాని పోర్టులనే రంధ్రాల్లోకే. ఏ పోర్టు ఏ గుంపుదో సెట్టింగుల్లో రాస్తే చాలు, ఒకే పెట్టెలో ఉన్నా ఒక గుంపుకి మరో గుంపు కనపడదు. ఆ గుంపునే వీలాన్ అంటారు. ఆఫీసుకి పది, ప్రజలకి ఇరవై అని నంబర్లిచ్చాను.

"మెర్వ్, అభ్యంతరాలు తీసుకునే సర్వర్ పదిలో ఉంది. ఇరవై నుంచి దానికొక్కదానికీ రూటర్‌లో దారి వదలాలి."

"గోడ కట్టి కన్నం పెడతావా? బుద్ధుందా?"

"లేకపోతే జనం మాట మనకి చేరదు."

"చేరకపోతే భద్రంగా ఉన్నట్టే కదయ్యా!"

ఏ దారీ వదలొద్దని సంతకం చేసిన ఉత్తర్వు చేతికిచ్చారు. రెండోసారి ఎదురు చెప్పే గుణం నాలో లేదు. ఆ లోపాన్ని అందరూ క్రమశిక్షణ అంటారు. నేనూ అలాగే అనుకుని నిద్రపోతాను.

ఆ వారమే కొత్త చెత్త గుంతకి నోలీన్ పాస్కో ఇంటి వెనక స్థలం చూశారు. డెబ్బై నాలుగేళ్ల ఆ మనిషికి తాగడానికి కప్పు మీద పడే వాననీళ్లే గతి. అభ్యంతరాలు లైబ్రరీ కంప్యూటర్ నుంచే పంపాలన్నది మేయర్ గారి మరో సంస్కరణ. నోలీన్ మూడు రోజులు దాని ముందు కూర్చుంది. తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.

"అభ్యంతరాలు సున్నా! జనం ఇంత తృప్తిగా ఎన్నడూ లేరు," అని మేయర్ పత్రికలకి చెప్పారు.

ఇంతలో ఇంజనీరు వచ్చి, అక్కడ అడుగంతా బండ, తవ్వలేమన్నాడు. గుంత కంచె అవతలికి జరిగింది. అవతల ఉన్నది మేయర్ గారి గుర్రాల మైదానం. అభ్యంతరాలకి కొత్త గడువు గురువారం నాలుగింటికి.

గురువారం సమావేశంలో ఆ అంశం రాగానే మేయర్ లేచారు. సొంత భూమి సంగతి వస్తే బయటికి నడవాలన్నది నియమం. నడిచి, తన అభ్యంతరం పంపడానికి తిన్నగా లైబ్రరీకి వచ్చారు. గుంత దుమ్ము ఇంకా తన కప్పు మీదే పడుతుందని నోలీన్ అక్కడే ఉంది. రెండు తెరల మీదా చక్రాలు తిరిగాయి.

"దారి వదలవయ్యా! పది నిమిషాలే ఉంది!" అని నా మీద అరిచారు.

"ఉత్తర్వు మార్చాలంటే మేయర్ సంతకం కావాలి. ఈ విషయంలో మీరిప్పుడు మేయర్ కారు కదా."

"మరెవర్ని?"

"వీలాన్ ఇరవై."

నోలీన్ పక్క కుర్చీ లాగింది. "కూర్చో మెర్వ్, నాయనా. దీనికి కాస్త టైం పడుతుంది. బిస్కట్ తింటావా?"

నాలుగయింది. డిప్యూటీ మేయర్ మొహం వెలిగిపోతూ తలుపు తోసుకుని వచ్చాడు.

"మెర్వ్, మళ్లీ సున్నా! పేపరువాళ్లు బయటే ఉన్నారు. రా, చెబుదువుగాని!"